మెట్లెక్కిన అత్యవసర విభాగం

ఆ ఆస్పత్రి అత్యవసర విభాగంలో ప్రస్తుతం రోగులెవరూ లేరు. దుప్పట్ల మడత నలగలేదు. డాక్టర్లు కిటికీ దగ్గర కూర్చుని పావురాలను పరిశీలిస్తున్నారు. ఇంతటి ఘనకార్యం సూపరింటెండెంటు గారొక్కరి చలవ.

ఒకప్పుడు ఆ విభాగం గేటు పక్కనే ఉండేది. అందువల్ల ప్రాణం మీదికి రాగానే జనం తిన్నగా లోపలికి వచ్చేసేవారు. సూపరింటెండెంటు గారు కమిటీ మీద కమిటీ వేసి ఈ లోపాన్ని కనిపెట్టారు. ‘మెరుగైన సేవ ద్వారా రద్దీ నివారణ’ పథకం కింద విభాగాన్ని మూడో అంతస్తుకు మార్చారు. లిఫ్టు ఉంది గానీ, దాన్ని అధికారులకూ ఫైళ్లకూ కేటాయించారు.

“మెట్లెక్కగలిగినవాడికి అత్యవసరం లేనట్టే. ఎక్కలేనివాడు మన దాకా రానే రాడు. ఇక రద్దీ ఎక్కడిది?” అని ప్రారంభోత్సవంలో ఆయన ప్రశ్నించారు. చప్పట్లు మార్మోగాయి. చేతులు ఖాళీ లేనివాళ్లు స్ట్రెచర్ కింద పెట్టి మరీ కొట్టారు.

సేవలో మాత్రం లోటు చేయలేదు. మలుపు మలుపుకీ బెంచీ, ఫ్యాను, మంచినీళ్లు, పూలకుండీ పెట్టించారు. మైకు పట్టుకుని ప్రోత్సాహక అధికారి ఒకాయన “శభాష్ బాబాయ్! ఇంకొక్క మెట్టు!” అంటూ ఉంటాడు. పైకి చేరినవాళ్లతో డాక్టరు చేయి కలిపి, ఆరోగ్యవంతులని ముద్ర వేసి పంపిస్తారు. ఆయాసంతో వచ్చిన ఒక తాతగారు మొదటి మలుపు బెంచీ మీద ఆగి, అక్కడే స్థిరపడ్డారు. కోడలు క్యారియర్ అక్కడికే తెస్తుంది.

ఈ ఘనతకు అవార్డు ఇద్దామని తనిఖీ బృందం వచ్చింది. వాళ్లకు ఖాళీ మంచాలు చూపిస్తుండగా సూపరింటెండెంటు గారికి గుండె పట్టేసింది. ఒళ్లంతా చెమట పోసింది. అదృష్టవశాత్తూ చుట్టూ డాక్టర్లే ఉన్నారు. అందరిలోకీ పెద్ద డాక్టరు చేతులు కట్టుకుని, “సార్, మూడో అంతస్తులో ఉన్నవాళ్లంతా ఆరోగ్యవంతులేనని మీదే ఉత్తర్వు. మెట్ల మీదుగా రాకపోతే మేం చూడకూడదు” అన్నాడు. ఆ రూలు జనానికయ్యా అని అరవబోయారు గానీ, ఊపిరి అందలేదు. ఆయన్ని సగౌరవంగా లిఫ్టులో దించి, మొదటి మెట్టు మీద నిలబెట్టారు. పక్షపాతం లేని పాలన అని తనిఖీ బృందం రాసుకుంది.

“శభాష్ సార్!” అంది మైకు. ఆయన గోడ పట్టుకుని మొదటి మలుపు దాకా పాకారు. తాతగారు పక్కకు జరిగి చోటిచ్చారు. “కూర్చో నాయనా, తొందరేముంది? ఇక్కడ గాలి బాగా వస్తుంది” అన్నారు. సూపరింటెండెంటు గారికి చచ్చిపోతానేమోనని మొదటిసారి భయం వేసింది. ఇంటిదాని మొహం కళ్లముందు మెదిలింది.

అప్పుడు జరగరానిది జరిగింది. పైనుంచి ఒక చిన్న డాక్టరమ్మ సంచీ పట్టుకుని మెట్లన్నీ దిగి పరుగెత్తుకొచ్చింది. నాలుక కింద మాత్ర పెట్టి, సూది వేసి, పోయే ప్రాణాన్ని పట్టుకుంది.

మెట్ల మీదున్న రోగులంతా భగ్గుమన్నారు. “ఏంటమ్మా ఇది? మేమందరం పద్ధతిగా ఎక్కుతుంటే, ఈయన కోసం దిగొస్తావా?”

“మీ దగ్గరికీ వస్తానండీ, ఒక్క నిమిషం.”

“మాకేం ఖర్మ! మేం ఎక్కుతాం” అన్నాడు అప్పటికే కూలబడిపోయిన ఒకాయన.

సూపరింటెండెంటు గారు ఆ పిల్ల చేతులు పట్టుకుని వలవలా ఏడ్చారు. “ప్రాణం నిలబెట్టావమ్మా. నిన్ను మర్చిపోను.”

ఆయన మాట తప్పే మనిషి కాదు. అవార్డు సభను మెట్ల దగ్గరే పెట్టించి, ఆమెను గుర్తుపెట్టుకుని మరీ సస్పెండ్ చేశారు. “డాక్టరే దిగిరావడం మొదలుపెడితే, రేపు ప్రతి రోగీ బతుకుతానంటాడు. అందర్నీ బతికించడానికి మనకు మంచాలెక్కడివి?” అన్నారు గద్గద స్వరంతో.

కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా చప్పట్లు ఆగలేదు. ఉత్సాహం పట్టలేక తాతగారు లేచి నిలబడి కొట్టారు. సొంతంగా లేచినందున ఆయన్ని అక్కడికక్కడే ఆరోగ్యవంతుడిగా ప్రకటించి ఇంటికి పంపించారు.

ఖాళీ అయిన బెంచీ కోసం తోపులాట జరిగింది. ఆ ఆస్పత్రిలో రద్దీ అంటూ మిగిలింది ప్రస్తుతం అదొక్కటే.