తీగను ఎండబెట్టాలట

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే టేబుల్ ఫ్యాను. రెండో కరోనా వచ్చిన ఆ ఎండాకాలం అది మా మీద తిరగలేదు. డాబా మీద ద్రాక్ష తీగకు తిరిగింది.

మేముండేది సూరత్‌లో, పర్వత్ పాటియాలో. మా ఆయన సదానందం మరమగ్గాల కార్మికుడు. ఆ రోజుల్లో కార్ఖానా తెరిచి ఉన్న రోజుల కంటే మూసి ఉన్న రోజులే ఎక్కువ. పనిలేని మగ్గం ఊరుకుంటుంది గాని పనిలేని మగవాడు ఊరుకోడు. ఊరవతల కామ్‌రేజ్‌లో ఉండే లారీ డ్రైవర్ లస్మయ్య, నాసిక్ వైపు ఎవరో తోట పీకేస్తుంటే కాపుకొచ్చిన తీగనొకదాన్ని వేర్లతో సహా తెచ్చిచ్చాడు. వైను చేసే రకమట. బిల్డింగులో అందరికీ మాత్రం దేవుడి నైవేద్యానికని చెప్పుకున్నాడు ఈయన.

గుజరాత్‌లో మందు నిషేధం. పోలీసులొస్తారని నా భయం. ఎవరైనా తుమ్మితే నాకు భయం, తుమ్మబోయి ఆగినా భయమే. కానీ పోలీసులను మించిన భయం ఇంకొకటి ఉంది. మా ఒక్కగానొక్క కొడుకు రవీంద్ర మొదటి కరోనాలో పోయాడు. అప్పటినుంచి ఈయన ఒక్కసారి కూడా ఏడవలేదు. ఏడవని మనిషి చేతికి సీసా అందితే కింద పెట్టడు. బియ్యం డబ్బా వెనక ఖాళీ సీసాలు కడిగి దాచుకోవడం చూసిన రోజే నాకు అన్నం సహించలేదు. ఈయన కూడా పోతే నేనెవరికి భయపడాలి?

ఫోన్లో వీడియోలు చూసి ఈయన పెద్ద తోటమాలి అయ్యాడు. సూరత్ నల్లమట్టి పనికిరాదన్నాడు. అది నీళ్లను కడుపులో దాచుకుంటుందట, ద్రాక్ష వేర్లు తడిలో కూర్చోకూడదట. తాపీ నది ఇసుక, ఇటుక ముక్కలు కలిపి డ్రమ్ము నింపాడు. తీగకు పొద్దంతా ఎండ తగలాలట. పక్క బిల్డింగు నీడ పడగానే, బట్టల మూటలు తోసే బండి మీద డ్రమ్మును ఎక్కించి ఎండ వెంట తిప్పేవాడు. పెళ్లయిన కొత్తలో నన్ను కూడా అంత ముద్దుగా తిప్పలేదు.

పగలు ఎండ, రాత్రి చలి ఉంటే పండు రుచిగా ఉంటుందట. సూరత్‌లో రాత్రిపూట కూడా చెమటే. సముద్రపు గాలి తేమకు ఆకులు బూజు పడతాయని ఫ్యానును పైకి మోశాడు. మరి మన సంగతేమిటని అడిగితే, మనకు బూజు పట్టదన్నాడు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. నీళ్ల దగ్గరే నా వల్ల కాలేదు. గింజ కట్టాక తీగను దాహంతో ఉంచాలట. కష్టపడితేనే పండు చిన్నదై రసం చిక్కబడి తీపెక్కుతుందట. నీళ్లెక్కువైతే ఒంటినిండా ఆకులే, పండు చప్పగా ఉంటుందట. నేను సాలోళ్ల ఇంట పుట్టినదాన్ని. ఎండాకాలం వస్తే మా అమ్మ మగ్గం కింద నేల తడిపేది. ఎండిన పోగు తెగుతుందన్నది నేను బడికి పోకముందే నేర్చిన చదువు. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే చెంబుతో పైకి పోయేదాన్ని.

తీగ ఆకులు వేస్తూ పోయింది. మట్టి ఎండదు. ముందు సముద్రాన్ని తిట్టాడు, తర్వాత తాపీ నదిని తిట్టాడు. చివరికి పై అంతస్తు సాంబయ్య చూసుకునే బిల్డింగు నీళ్ల ట్యాంకు కారుతోందని తేల్చాడు. పౌరుషం కొద్దీ సాంబయ్యే ఆ ట్యాంకు మొత్తం ఖాళీ చేయించాడు. బిల్డింగు మొత్తం బకెట్లతో మెట్ల మీదికొచ్చింది. దూరం దూరం అని అరుస్తూనే ఒకరినొకరు తోసుకున్నారు.

"అన్నా, ట్యాంకు ఎండింది, నీ డ్రమ్ము ఎండలే," అన్నాడు సాంబయ్య, మాస్కు గడ్డం కిందికి లాగి. "లీకు ఏడున్నదో నువ్వే దేవులాడుకో."

మర్నాడు మా ఆయన నిద్రపోయినట్టు నటించాడు. నేను చెంబు వంచుతుంటే వెనక నిలబడి ఉన్నాడు.

"ఏందే ఇది?"

"నీళ్లు."

"దూపతోనే తీపైతదని ఎన్నిమాట్ల జెప్పిన నీకు?"

"తీపైనంక ఏంజేస్తవ్?"

"దేవునికి పెడ్త."

"ఏ దేవుడు? బియ్యం డబ్బా ఎనక సీసలల్ల ఉండేటోడా?"

నేను అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నోరు ఆగలేదు.

"దవాఖాన నుంచి పిల్లగాడు ఫోన్ల ఏమడిగిండు, రవి బాపూ? గొంతు ఎండుతుందమ్మా, జరన్ని నీళ్లియ్యమను అన్నడు. నన్ను లోపలికి పోనియ్యలే. నీళ్ల సీస పట్టుకోని గేటుకాడ్నే నిలవడ్డ. ఇగ నా కండ్ల ముంగట ఏదీ దూపతోని ఉండొద్దు."

ఆయన చేయి చాచి చెంబు లాక్కున్నాడు. విసిరేస్తాడనుకుని వెనక్కి జరిగాను. డ్రమ్ము పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. కొడుకు పోయిన ఇన్నాళ్లకు, ఆకుల్లో మొహం పెట్టి ఏడ్చాడు. ఏడుస్తూనే అంచు వెంబడి సన్నగా నీళ్లు పోశాడు.

అదే సమయానికి సాంబయ్య ఆరేసిన బట్టల కోసం పైకి వచ్చాడు. చెంబు చూశాడు, నన్ను చూశాడు.

"లీకు దొరికిందా అన్నా?"

"దొరికింది తమ్మీ," అన్నాడు మా ఆయన, తల ఎత్తకుండా. "మా ఇంట్లదే."

ఖాళీ చెంబు నా వైపు చాచాడు.

"ఇంకో చెంబు తేపో."