రెండు బల్లులు, ఒక ఫ్యాను

ఆ రోజు పొద్దున బల్లుల మాస్టారి పథకం చాలా సులువైనది. స్నానం చేయాలి, నాలుగు ముద్దలు తినాలి, రెండు పెట్టెలు పట్టుకెళ్ళి కాలేజీలో పెద్దసారుకి చూపించాలి. ఒక పెట్టెలో మంచు కురిసే కొండమీది రాతిబల్లి. దానికి తడి నాచు, పక్కన ఐసుముక్కల సంచీ. రెండో దాంట్లో ముళ్ళపొదల మెట్టనేల బల్లి. దానికి ఇసుక, పైన వెచ్చటి బల్బు. రెండూ అచ్చుగుద్దినట్టు ఉంటాయి. అయినా ఒకటి ఎండకు ఓర్వదు, రెండోది చలికి ఓర్వదు కాబట్టి జాతులు వేరని మాస్టారి వాదన. "ఒకే బల్లికి రెండు పేర్లు పెట్టావోయ్" అంటారు పెద్దసారు. ఇవాళ ఆయన ఒప్పుకోకపోతే మాస్టారు ఏళ్ళ తరబడి చేసిన పరిశోధన బూడిదలో పోసిన పన్నీరే.

ఇంట్లో మాస్టారికి ఇంకో ప్రతిపక్షం ఉంది, అత్తగారు. ఆయనకు ఉక్క పడదు, ఆవిడకు చలి పడదు. హాల్లో ఆయన ఫ్యాను వేస్తే ఆవిడ ఆపుతుంది. ఈ గొడవ పడలేకే మాస్టారి భార్య రోజూ ఆఫీసుకు పెందలాడే బయలుదేరుతుంది.

మాస్టారు స్నానం చేసి వచ్చేసరికి కొండబల్లి పెట్టె ఖాళీగా ఉంది.

"అత్తయ్యగారూ! ఇందులోది ఏదండీ?"

"పాపం, ఐసు పక్కన పడుందండీ. అన్నదమ్ముల్లా ఉన్నారు, ఒకడికి దీపమూ ఒకడికి మంచూనా? వెచ్చగా రెండోవాడి పక్కన పడుకోబెట్టాను."

"మూత పెట్టారా?"

"గాలాడాలని కొంచెం తీసే ఉంచాను."

రెండో పెట్టె కూడా ఖాళీ. మాస్టారు తుండుగుడ్డతోనే మంచం కింద దూరారు.

"కంగారుపడకండి. ఇద్దరూ కనపడకపోయేసరికి ఇందాకే పురుగూ పుట్రా పట్టేవాళ్ళకి ఫోన్ చేశాను, మనిషిని పంపుతారట."

"చంపేస్తారండీ!" అని మంచం కిందనుంచి కేక వినిపించింది.

అంతలో బెల్ మోగింది. కాలేజీకి వెళ్ళే దారే కదా అని పెద్దసారే ఇంటికొచ్చారు. "బల్లుల కోసం వచ్చానమ్మా" అన్నారు నవ్వుతూ.

"రండి, మీకోసమే చూస్తున్నాం. ముందు వంటింట్లో వెతకండి. చంపొద్దు, మా అల్లుడుగారు బాధపడతారు" అంటూ అత్తగారు ఆయన చేతికి చీపురిచ్చి, స్టూలు చూపించింది. పెద్దసారు తన సర్వీసులో ఇలాంటి స్వాగతం ఎరగరు. అయినా ఆ గొంతుకు ఎదురుచెప్పే ధైర్యం చాలక స్టూలెక్కారు.

మాస్టారు బట్టలు చుట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చారు. "సార్! మీరా!"

"కదలకు. ఫ్రిజ్ వెనకాల వేడి తగిలే చోట ఒకటుంది."

అప్పుడే స్నానాలగదిలోంచి అత్తగారు కేకేసింది. "రెండోవాడు ఇక్కడున్నాడు! తడి బకెట్టు చాటున దాక్కున్నాడు!"

రెండూ రెండు సీసాల్లోకి చేరాయి. పెద్దసారు కళ్ళు చిట్లించారు. "ఏది ఏదో చెప్పవోయ్. తప్పితే నీ రెండు జాతుల కథ ఇక్కడితో సరి."

"ఫ్రిజ్ వెనకది మెట్టనేలది, బకెట్టు చాటుది కొండది సార్."

"చూసి చెబుతున్నావా?"

"చూస్తే నాకూ తెలీదు సార్. దొరికిన చోటును బట్టి చెబుతున్నాను. పట్టుకున్న రోజే కొండదాని పొట్టకింద నీలిచుక్క పెట్టాను, తిప్పి చూడండి."

పెద్దసారు మొదటి సీసా ఎత్తి చూశారు. చుక్క లేదు. రెండోది ఎత్తారు. నీలిచుక్క చక్కగా కనిపించింది. మాస్టారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఇల్లంతా వదిలేస్తే ఎవరి వాతావరణం వాళ్ళు వెతుక్కున్నారన్నమాట! ఇలాగే ఇంకొన్నిసార్లు వదిలి చూపించు, నేను ఒప్పుకుంటాను. ఇంతకీ ఈ ప్రయోగం ఎవరి ఆలోచన?"

"మా అత్తయ్యగారిదండీ."

మళ్ళీ బెల్ మోగింది. "ఆలస్యంగా వచ్చావు నాయనా, ఈ పెద్దాయన పని కానిచ్చేశారు" అని అత్తగారు అసలు మనిషిని గుమ్మంలోంచే పంపేసింది. వస్తూ వస్తూ హాల్లో ఫ్యాను ఆపింది. మాస్టారి చెయ్యి స్విచ్ మీదికి వెళ్ళింది. చెమటలు కక్కుతున్న అల్లుణ్ణీ, శాలువా కప్పుకున్న అత్తగారినీ పెద్దసారు మార్చి మార్చి చూసి, "మీరూ ఎవరి వాతావరణం వాళ్ళు వెతుక్కోండి" అన్నారు.

ఆ సాయంత్రమే అత్తగారి మంచం పడమటి ఎండ తగిలే గదిలోకి మారింది. నీలిచుక్క మాత్రం ఎవరికీ పెట్టలేదు.