మూడు శాఖల మనిషి

"తొంభై రోజుల్లో తలుపున్న గది ఇస్తాను! నేను మాటిచ్చానంటే ఇచ్చినట్టే!" అని మానసిక ఆరోగ్య వారోత్సవాల వేదిక మీద మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. గదికి తలుపు కూడా ఉంటుందని ముందే హామీ ఇచ్చిన మంత్రి అంతకుముందు ఎవరూ లేరు. ఆసుపత్రిలో అందరూ డాక్టరమ్మ అని పిలిచే మనోవైద్యురాలు ముందు వరసలో కూర్చుని అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టింది. ఆ గది కోసం పద్నాలుగు నెలలుగా కాళ్ళరిగేలా తిరిగింది పాపం.

ఆవిడ దగ్గరికి ప్రతి గురువారం ఒక టైలరమ్మ వస్తుంది. ఆమెకున్న జబ్బు పేరు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్. పేరు విని భయపడక్కర్లేదు. సినిమాల్లోలాగా కత్తి పట్టుకుని పళ్ళు కొరకడాలేమీ ఇందులో ఉండవు. పసితనంలో మోయలేనన్ని దెబ్బలు తిన్న మనసు ఆ బరువంతా ఒక్కచోట పెట్టుకోలేక, తనను తానే కొందరు మనుషులుగా పంచుకుంటుంది. ఒకరికి జరిగింది ఇంకొకరికి గుర్తుండదు. టైలరమ్మలో ఆమె కాక మరో ఇద్దరున్నారు. ఒకరు ఏడేళ్ళ చిన్నది. రెండో ఆవిడ గయ్యాళి, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళని నిలబెట్టి కడిగేస్తుంది. ముగ్గురూ కలిసి మిషన్ సొరుగులో ఒక నోటుబుక్కు పెట్టుకున్నారు. "గురువారానికి పెళ్ళిగౌను ఇస్తానన్నాను, చేతులు ఇంకా కుట్టలేదు" అని ఒకరు రాస్తారు. "నన్నడిగే ఒప్పుకున్నావా?" అని కింద ఇంకొకరు తిట్టి, ఆ చేతులు కుట్టి పెట్టేస్తారు.

అసలు మాట్లాడాల్సింది ఆ చిన్నది. దాని దగ్గరే ఉంది అసలు సంగతంతా. కానీ తలుపు మూసి, గడియ పెట్టి, ఆ గడియ చప్పుడు తన చెవులతో వింటే తప్ప అది నోరు విప్పదు. ప్రస్తుతం డాక్టరమ్మ వైద్యమంతా ఎక్స్‌రే గది పక్క వరండాలో, పచ్చ కర్ర స్టాండుకి కట్టిన ఒక గుడ్డ తెర వెనకే. చిన్నది బయటికి తొంగిచూసే సమయానికి తెర పక్కకి తొలగుతుంది. "నలభై రెండో టోకెను ఇక్కడున్నారా?" అని ఒక తల లోపలికొస్తుంది. అంతే, చిన్నది మళ్ళీ మూడు వారాలదాకా కనబడదు.

గది లేక కాదు. వరండా చివర బ్రహ్మాండమైన గది ఉంది, గట్టి తలుపు, లోపల గడియ కూడా ఉన్నాయి. కాకపోతే మంత్రిగారు ఇంతవరకూ ఆవిష్కరించిన, ఇంకా ఎక్కడా పునాది తవ్వని భవనాల శిలాఫలకాలు ఇరవై మూడు అందులో భద్రంగా ఉన్నాయి.

తొంభై రోజులు గడిచాయి. తొంభై ఒకటో రోజున డాక్టరమ్మ సచివాలయానికి వెళ్ళింది.

మంత్రిగారి దక్షత గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆయన ఒక్కరే ఆరోగ్యం, భవనాలు, సాధారణ పరిపాలన అనే మూడు శాఖలు మోస్తున్నారు. ఒక శాఖ సంగతి ఇంకో శాఖకి పొక్కనివ్వని నిక్కచ్చి మనిషి. ఒకే బల్ల మీద మూడు ట్రేలు, మూడు కళ్ళజోళ్ళు, మూడు రంగుల సిరాలు పెట్టుకున్నారు. ఫైలును ఒక ట్రే నుంచి ఇంకో ట్రేకి చేర్చడానికి పీయే బల్ల చుట్టూ నడిచి వస్తాడు. చెయ్యి చాపితే అందుతుంది కానీ, అది పద్ధతి కాదు.

ఆరోగ్య మంత్రిగారు డాక్టరమ్మను చూడగానే లేచి నిలబడ్డారు. "గదేగా తల్లీ! ఇదిగో," అని ఫైలు మీద ఆకుపచ్చ సిరాతో 'తప్పక ఇవ్వవలెను' అని రాశారు. పీయే ఫైలు తీసుకుని బల్ల చుట్టూ తిరిగొచ్చి రెండో ట్రేలో పెట్టాడు. మంత్రిగారు కళ్ళజోడు మార్చుకున్నారు.

"ఎవడయ్యా ఈ ఆరోగ్య మంత్రి?" అని గర్జించారు. "మా గది మమ్మల్నడక్కుండా ఊళ్ళోవాళ్ళకి ఇచ్చేస్తాడా? ఇతగాడి అబ్బసొమ్మనుకున్నాడా?"

డాక్టరమ్మ అటూ ఇటూ చూసింది. "సార్... అది మీరే కదండీ?"

"ష్!" అన్నాడు పీయే కంగారుగా. "అమ్మా, ఇది శాఖల మధ్య గొడవ. మనబోటివాళ్ళం తలదూర్చకూడదు."

'తిరస్కరించడమైనది' అని ఎర్రసిరా పడింది. పీయే మళ్ళీ నడిచాడు. మూడో కళ్ళజోడు ఎక్కింది. సాధారణ పరిపాలన మంత్రిగారు శాంతమూర్తి. రెండు రాతలూ చదివి, నిట్టూర్చి, 'ఇరువురు మంత్రులు కూర్చుని సామరస్యముగా మాట్లాడుకొనవలెను' అని నీలిసిరాతో రాశారు. ఫైలు తిరిగి మొదటి ట్రేకి వచ్చేసరికి ఆరోగ్య మంత్రిగారి మొహం చిన్నబోయింది.

"చూశావుగా డాక్టరమ్మా," అన్నారు ఆయన. "మంచి చేద్దామంటే చెయ్యనివ్వరు. అయినా ఆయనతో కూర్చుని మాట్లాడతానులే. నాకు పంతం లేదు."

"ఎప్పుడు మాట్లాడతారు సార్?"

"ఆయనకి తీరికుండాలిగా!"

ఇలా ఇంకో రెండు నెలలు గడిచాయి. ఈలోగా ఒక విలేకరి వారోత్సవాల నాటి రికార్డింగు తీసుకొచ్చి, ఒక వంతెన ప్రారంభోత్సవంలో మంత్రిగారి మొహం ముందే మోగించాడు. "నేను మాటిచ్చానంటే ఇచ్చినట్టే!" అని ఫోను అరిచింది.

మంత్రిగారు తొణకలేదు. "అది ఆరోగ్య మంత్రి గొంతు. ఆయన్నే అడగండి."

"ఆయనెక్కడున్నారు సార్?"

"నాకేం తెలుసు? నేను భవనాల మంత్రిని."

పేపర్లన్నీ మూడు రోజులు ఇదే కూర వండాయి. పార్టీ పెద్దలు పిలిచి చీవాట్లు పెట్టారు. మంత్రిపదవి, అంటే మూడు పదవులూ, ఊడేలా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే పీయేకి వారోత్సవాలలో డాక్టరమ్మ ఈ జబ్బు గురించి పంచిన కరపత్రం సొరుగులో కనబడింది. చదివాడు. ఇంకోసారి చదివాడు. కారెక్కి తిన్నగా ఆసుపత్రికొచ్చి తెర తొలగించి తల లోపలికి పెట్టాడు. టైలరమ్మ ఉలిక్కిపడి బొటనవేలు నోట్లోంచి తీసేసింది. అప్పుడే వచ్చిన చిన్నది వెళ్ళిపోయింది.

"శుభవార్త డాక్టరమ్మా! మా సార్‌కి మీ జబ్బే!"

"నా జబ్బా?"

"అదేనండీ, మీ కాయితంలో ఉందిగా. మాటిచ్చింది ఒకరు, గుర్తులేనిది ఇంకొకరు. ఆయనలో ముగ్గురున్నారని ఒక్క సర్టిఫికెట్ రాసివ్వండి చాలు. జబ్బు మనిషిని ఎవరంటారండీ? సంతకం పెట్టిన సాయంత్రానికి గది మీది."

డాక్టరమ్మ కలం తీసింది. ఉన్నమాట చెప్పుకోవాలి, తీసింది. ఒక్క అబద్ధం రాస్తే చాలు, ఆ పిల్ల గడియ పెట్టుకుని మాట్లాడుతుంది. పద్నాలుగు, ఇంకో అయిదారు కలిపితే ఇరవై నెలలు. ఎంతకాలం ఈ తెర వెనక? కలం కాగితం మీద ఆనింది.

"ఎవరండీ వారు?" అంది టైలరమ్మ మెల్లిగా. "ఇచ్చిన మాట గుర్తులేదన్నారా?"

"అవునమ్మా, నీలాగే!" అన్నాడు పీయే ఆప్యాయంగా.

"నాకూ చాలా గుర్తుండవు బాబూ. కానీ గౌను కోసం వచ్చి తలుపు కొట్టేది నా ఇంటికే కదా. నేను ఒప్పుకోలేదు పొమ్మంటే ఆ పెళ్ళికూతురు ఏం వేసుకుంటుంది?"

డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది. తర్వాత చాలా మర్యాదగా, "పరీక్ష చెయ్యకుండా సర్టిఫికెట్ ఇవ్వకూడదండీ," అంది. "మనసు విప్పించే పరీక్ష. తలుపున్న గదిలోనే జరగాలి. లేకపోతే మంత్రిగారి రహస్యాలు ఎక్స్‌రేకొచ్చినవాళ్ళంతా వింటారు."

పీయే మొహం పాలిపోయింది.

నలభై నిమిషాలు పట్టింది. రెండు లారీలొచ్చాయి, ఇరవై మూడు శిలాఫలకాలూ వెళ్ళిపోయాయి, గదికి సున్నం పడింది, గడియకి నూనె పడింది. 'మంత్రివర్యుల పరీక్ష పూర్తియగువరకు ఈ గది డాక్టరుగారిదే, ఎవరును ఖాళీ చేయించరాదు' అని ఉత్తర్వు కూడా వచ్చింది. దాని మీద మూడు రంగుల సంతకాలూ ఒకే వరసలో, ఒక్క పోట్లాట లేకుండా పడ్డాయి.

మంత్రిగారు వచ్చి కూర్చున్నారు. డాక్టరమ్మ గడియ వేసింది.

"మీరు చేసిందే మీకు గుర్తులేకపోవడం ఎప్పుడైనా జరిగిందా?"

"ఎన్నికలైన మర్నాటి నుంచీ జరుగుతూనే ఉందమ్మా."

"ఏం మర్చిపోతుంటారు?"

"అది గుర్తుంటే మర్చిపోవడం ఎలా అవుతుంది?"

వైద్యపరంగా వంక పెట్టలేని జవాబు. ఆవిడ రాసుకుంది. "పోనీ, మీకు దక్కాల్సింది ఎప్పుడైనా మర్చిపోయారా?"

మంత్రిగారు నిజాయితీగా ఆలోచించారు. "లేదు. అది మాత్రం ముగ్గురికీ గుర్తుంటుంది."

"చిన్నప్పుడు మిమ్మల్నెవరైనా బాధపెట్టారా?"

"క్లాసు లీడరుగా నిలబడితే మా తమ్ముడు నాకు ఓటెయ్యలేదు," అని కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. మైకు లేనిచోట ఆయన కన్నీరు పెట్టుకోవడం అదే మొదలు.

"సరే, కళ్ళు మూసుకోండి. ఆరోగ్య మంత్రిగారిని కాస్త పక్కన కూర్చోబెట్టండి."

"కూర్చున్నారు."

"భవనాల మంత్రిగారిని కూడా."

"ఆయనకి పెద్ద కుర్చీ కావాలంటున్నారు."

"వెయ్యండి. పరిపాలన మంత్రిగారిని కూడా పక్కకి పంపండి. వెళ్ళారా? ఇప్పుడు మిగిలినాయన నాతో మాట్లాడాలి."

ఫ్యాను తిరుగుతోంది. నిమిషమైంది. అయిదు నిమిషాలయింది. మంత్రిగారి నుదురు చెమటతో తడిసింది. ఒక కన్ను తెరిచి, "ఏ మిగిలినాయన?" అన్నారు.

"మీరే సార్."

మంత్రిగారు లేచి వెళ్ళి గడియ తీశారు. తలుపుకి చెవి ఆనించి వింటున్న పీయే లోపలికి తూలి పడబోయాడు. "ఏమయ్యా, మనకి నాలుగో శాఖ ఏదైనా ఉందా?"

"లేదు సార్."

తిరిగొచ్చి కూర్చుని, "లేదటమ్మా," అన్నారు మంత్రిగారు.

డాక్టరమ్మ ఆ సాయంత్రమే నివేదిక రాసింది. ఇంత నిఖార్సయిన నివేదిక తన ఉద్యోగంలో ఇంకోటి రాయలేదని ఆవిడకి తెలుసు. 'పరీక్ష ఇంకా జరుగుచున్నది. మూడు శాఖలను పక్కకు జరిపి చూడగా లోపల ఇంతవరకు ఎవరునూ కనబడలేదు. వెదకుట కొనసాగించవలసియున్నది. ఎన్నాళ్ళు పట్టునో చెప్పలేము.'

గురువారం టైలరమ్మ వచ్చింది. కొత్త గది తలుపు వంక చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత తనే గడియ పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. "ఇంక ఎవరూ తల పెట్టరా?" అని అడిగింది ఏడేళ్ళ గొంతు.

"పెట్టరు నాన్నా. ఉత్తర్వుంది."

"అయితే చెప్తాను," అంది చిన్నది. డాక్టరమ్మ కళ్ళు నిండిపోయాయి, కలం పక్కన పెట్టేసింది.

అదే గంటలో సచివాలయంలో మంత్రిగారు నివేదిక చేత్తో ఎత్తి పట్టుకుని విలేకరులకి చూపిస్తున్నారు. రికార్డింగు తెచ్చిన ఆ విలేకరే లేచాడు. "అంటే సార్, లోపల ఎవరూ లేరనేగా?"

మంత్రిగారు జాలిగా నవ్వారు.

"తొందరెందుకయ్యా? పెద్ద డాక్టరు వెతుకుతోందిగా. దొరకనీ, ఆయన చేతే మీకో ప్రకటన ఇప్పిస్తాం."