ఆరో భాగంలో కెరిసియానో చావు

ఆ రోజు పొద్దున లూపెసినా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మావయ్యను శవపేటికలో పడుకోబెట్టాలి. పదకొండింటికి లేపాలి. పన్నెండింటికి అందరికీ భోజనం పెట్టి పంపేసి, రెండింటి పడవకు కెమెరా ఎక్కించాలి. ఇందులో తేడా రావడానికి ఏముందని ఆమె అనుకుంది.

సవాయీ దీవిలో కూర్చుని ఆమె రెండేళ్లుగా ఒక టీవీ సీరియల్ తీస్తోంది. బడిలో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బు మొదటి రెండు భాగాలకు సరిపోయింది. పికప్ బండి అమ్మితే వచ్చింది తర్వాతి మూడింటికి సరిపోయింది. అమ్మడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి కథను ఆరో భాగంతో ముగించేసింది. పడవ దాటితే వచ్చే రాజధాని అపియాలో చానల్ వాళ్లు సోమవారానికల్లా ఆరు భాగాలూ చేతికిస్తేనే వేస్తామన్నారు, ఐదైతే వద్దన్నారు. మిగిలింది ఒకే ఒక్క సన్నివేశం, ఇంటిపెద్ద అంత్యక్రియలు. కెమెరా, వరసకు తమ్ముడయ్యే అపేలుది. అతను అపియాలో పెళ్లిళ్లు తీసి బతుకుతాడు, మర్నాడు పొద్దునే ఒక పెళ్లి ఒప్పుకున్నాడు. ఈ పూట తీయలేకపోతే రెండేళ్ల కష్టం మట్టిలో కలిసినట్టే.

ఇంటిపెద్ద వేషం మావయ్య కెరిసియానోది. వైతోలో అనే తమ ఊరి తరఫున సభల్లో నిలబడి మాట్లాడే వక్త ఆయన. నటించినందుకు ఏమీ అడగలేదు గానీ, చచ్చిపోవడానికి మాత్రం ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"కూర్చుని చావకూడదా ఏమిటే?" అన్నాడు పేటికలోకి దిగుతూ. "కూర్చుంటే మొహం బాగా కనబడుతుంది కదే."

"చచ్చినవాళ్లు కూర్చోరు మావయ్యా. కళ్లు మూసుకుని, మాట్లాడకుండా పడుకో, చాలు."

"మాట్లాడకుండానా," అని ఆయన దిగులుగా పడుకున్నాడు.

ఆయన భార్య సినీవా ఊరి మహిళా సంఘానికి అధ్యక్షురాలు, ఏ పనీ సగం సగం చేసే మనిషి కాదు. అలంకరణకు డబ్బుల్లేవని మేనకోడలు నసుగుతుంటే, "అది నాకొదిలెయ్," అని నడుం బిగించింది. చర్చి నుంచి ఊదారంగు గుడ్డలు తెచ్చి, గోడల్లేని ఆ ఇంటి స్తంభాలన్నిటికీ చుట్టింది. మొగుడి నిలువెత్తు ఫోటోకు దండలు వేసి, నిజంగా చావు జరిగిన ఇంటి ముందు పెట్టినట్టే రోడ్డు పక్కన నిలబెట్టింది. వక్త పోతే ఎలా సాగనంపుతారో అలాగే ఆయన చేతికర్రను పేటికలో పక్కనే పడుకోబెట్టింది. ముప్ఫైమంది ఆడవాళ్లను తెల్లబట్టల్లో బారుగా కూర్చోబెట్టి, ఏడుపు కీర్తన ఎత్తించింది.

ఎనిమిదింటి బస్సు ఇంటి ముందుకు రాగానే డ్రైవరు పాట ఆపేశాడు. బస్సు నత్తలా కదిలింది. లోపల మగవాళ్లు టోపీలు తీశారు. కిటికీ పక్కన ఒకావిడ కళ్లు ఒత్తుకుంది. లూపెసినా ఆనందం పట్టలేకపోయింది.

"చూశావుట్రా అపేలూ, ఒక్క తాలా ఖర్చు లేకుండా బస్సు కూడా నటిస్తోంది."

ఆ బస్సు తీరం వెంట పదిహేను ఊళ్లలో ఆగుతుందన్న సంగతి ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు.

తొమ్మిదిన్నరకు ఒక లారీ వచ్చి రోడ్డు మీద ఆగింది. నల్ల లుంగీల్లో నలభై మంది దిగారు. ముందు ఆడవాళ్లు, చావింటికి కానుకగా ఇచ్చే ఒక సన్నచాపను రెండు కొసలూ పట్టుకుని గాలికి విప్పారు. పాతబడి బంగారు రంగుకు తిరిగిన ఆ చాప పట్టుగుడ్డలా రెపరెపలాడింది. వాళ్ల వెనక, భుజాన వక్తలు వేసుకునే పీచుకుంచెతో, చేతిలో కర్రతో ఒక ముసలాయన నడుచుకుంటూ వచ్చాడు. కెమెరా వెనకున్న అపేలు ఈల వేయబోయి ఆపుకున్నాడు.

"ఎవరక్కా ఆయన? ఎక్కడ పట్టావు? కన్నీళ్లు నిజంగానే కారుతున్నాయి. ఎంతిస్తున్నావేంటి?"

లూపెసినా ఆయన్ని పిలవనే లేదు. వచ్చినవాడు లోతోమౌ, పక్క ఊరు మాతాఫోవాకు వక్త. పదకొండేళ్ల కిందట చర్చి ప్రారంభోత్సవంలో అతను ఎవరిదో వంశక్రమం చెబుతుంటే, కెరిసియానో అందరి ముందూ తప్పు పట్టాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అలాంటి మనిషి ఏడుస్తూ వచ్చాడు, తన తల్లి నేసిన చాప పట్టుకుని వచ్చాడు.

ఆమె రోడ్డు వైపు పరిగెత్తింది. సగం దూరంలోనే సినీవా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎక్కడికే?"

"చెప్పేస్తాను అత్తయ్యా. ఇది షూటింగని చెప్పేస్తాను."

"కర్ర నేలకానించాడు, కనబడట్లేదూ? మొదలుపెట్టాక మధ్యలో నోరు తెరిస్తే అవమానం. పైగా వాళ్ల ఊరి జనం ముందు, నువ్వు నాటకాన్ని చూసి ఏడ్చావయ్యా అని చెబుతావా? మన ఊరి పెద్దలు పందులన్నీ జరిమానా కట్టించి, మనల్ని ఊరవతల కూర్చోబెడతారు."

"మరేం చెయ్యను?"

"నాకేం తెలుసు. వీళ్లందరికీ ఏం పెట్టాలో అది చెప్పు ముందు. పొయ్యి మీద ఉన్నది ముప్ఫైమందికి సరిపడా చేమదుంపలూ, రెండు కోళ్లూను."

లోతోమౌ మాట్లాడుతూనే ఉన్నాడు. సంఘం ఆడవాళ్లు మొదట ఈయన్ని కూడా లూపెసినాయే పిలిపించిందనుకున్నారు, పావుగంటకు నిజంగానే వెక్కివెక్కి ఏడవసాగారు. ఈలోగా ఇంకో లారీ వచ్చింది. తర్వాత ఒక బస్సూ, రెండు పికప్పులూ వచ్చి ఆగాయి. ఊరికొక వక్త చొప్పున దిగి, తమ వంతు కోసం రొట్టెపండు చెట్ల నీడలో చాపలతో నిలబడ్డారు. లూపెసినా వాచీ చూసుకుంటే పదిన్నర.

లోతోమౌ పేటిక వైపు తిరిగాడు.

"ఈ మాట నువ్వు బతికుండగా చెప్పి ఉండాల్సింది. ఆ రోజు తప్పు నాదే. నువ్వు సరిచేసిందే నిజమైన వంశక్రమం. పదకొండేళ్లు నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. పోయిరా, కెరిసియానో."

కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు. కీర్తన ఆగిపోయింది. ఇప్పుడు ఈ ఇంటి తరఫున వక్త లేచి బదులు చెప్పాలి. అన్ని ఊళ్ల వాళ్లూ ఎదురు చూస్తున్నారు. ఈ ఇంటికున్న వక్త ఒక్కడే, ఆయన పేటికలో పడుకుని ఉన్నాడు. నిశ్శబ్దం సాగేకొద్దీ జనంలో గుసగుసలు మొదలయ్యాయి. బదులు లేని ఇల్లా, చాప తెచ్చినవాళ్లకు ఇదా మర్యాద అని ఎవరో గొణగడం లూపెసినాకు వినబడింది. ఆమె పేటిక వైపు చూసింది. మావయ్య కనురెప్పలు అదురుతున్నాయి. వద్దు మావయ్యా, వద్దు అని మనసులోనే బతిమాలుకుంది.

కెరిసియానో చావడానికైనా ఒప్పుకున్నాడు గానీ, ప్రసంగానికి బదులివ్వకుండా ఉండడం ఆయన వల్ల కాలేదు. కర్ర అందుకుని పేటికలో లేచి నిలబడ్డాడు.

కేకలు వేసినవాళ్లు వేశారు, పరిగెత్తినవాళ్లు పరిగెత్తారు. ఒక పికప్పు డ్రైవరు లేకుండానే పల్లంలోకి జారింది. లోతోమౌ కర్ర గట్టిగా పట్టుకుని, మొహం జేవురించి, ఒక్క ఉదుటున లేచాడు. సరిగ్గా అప్పుడే కెరిసియానో తన కర్ర నేలకానించి, "మాతాఫోవా పెద్దలకు వందనం," అని మొదలుపెట్టాడు. వక్త మొదలుపెట్టాక ఎదుటివాడు నిలబడకూడదు. లోతోమౌ కాళ్లు అలవాటు కొద్దీ వాటంతటవే మడతపడ్డాయి.

కెరిసియానోకు పరిస్థితి అర్థమైంది. తను మాట్లాడుతున్నంతసేపు ఎవడూ తన మీద చెయ్యి వెయ్యడు, ఆపిన మరుక్షణం ఏమవుతుందో దేవుడికే తెలియాలి. అందుకని ఆపలేదు. ముందు ఊళ్లకు పేరుపేరునా వందనం చెప్పాడు. తర్వాత లోతోమౌ వంశాన్ని పన్నెండు తరాల దాకా పొగిడాడు. మేనకోడలి సీరియల్ గురించీ, అమ్మేసిన బండి గురించీ, రోడ్డు మీద పెట్టిన ఫోటో గురించీ దాచకుండా చెప్పి తలవంచి క్షమాపణ అడిగాడు. అడిగాక కూడా లోతోమౌ మొహం మారకపోవడంతో, మళ్లీ వంశం దగ్గర ఎత్తుకున్నాడు.

"అక్కా, పన్నెండున్నర," అపేలు గుసగుసలాడాడు. "ఇప్పుడు బయల్దేరకపోతే పడవ అందదు. పెళ్లివాళ్లు నన్ను చంపేస్తారు."

"తియ్యి. ఆపావంటే నేనే చంపేస్తాను."

"ఏం తియ్యమంటావు? శవం రెండు గంటల నుంచి మాట్లాడుతోంది."

ఒంటిగంటకు కెరిసియానో గొంతు పూర్తిగా పోయింది. పేటిక అంచు మీద కూలబడి, ఇక మీ దయ అన్నట్టు చూశాడు. లోతోమౌ లేచి, మెల్లగా నడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. సినీవా కళ్లు మూసుకుంది.

"బతికున్నవాడివని తెలిస్తే ఆ మాట చెప్పేవాణ్ణి కాదు," అన్నాడు లోతోమౌ.

"తెలుసు," అన్నాడు కెరిసియానో గొంతు పెగలక.

"ఇంతమంది ముందు చెప్పింది వెనక్కి తీసుకోను. చాప కూడా తీసుకోను. తీసుకుంటే నా పరువేం కావాలి?" అని, లూపెసినా వైపు తిరిగాడు. "అమ్మాయీ, ఆ యంత్రంలో నా మాటలన్నీ పడ్డాయా?"

"పడ్డాయండీ."

"టీవీలో ఎంతసేపు వస్తాయి?"

అబద్ధం చెప్పే ఓపిక ఆమెకు లేదు. "ఒక నిమిషమండీ."

"నేను మాట్లాడింది గంట. ఏడ్చినవాణ్ణి, తప్పు ఒప్పుకున్నవాణ్ణి. ఒక్క మాట కత్తిరించినా మీ ఊరికి కబురు పెడతాను, ఇరవై పందులు జరిమానా. ఉన్నదున్నట్టు వేస్తే ఈ సంగతి ఇక్కడితో మర్చిపోతాను. ఏమంటావు?"

ఆమె తలూపింది, అంతకంటే చేయగలిగింది లేదు. ఆమె తలూపడం చూసి, చెట్ల కింద నిలబడ్డ మిగతా నలుగురు వక్తలూ ఒకేసారి ముందుకొచ్చారు. వాళ్ల ఊళ్లు మాత్రం తక్కువ తిన్నాయా, ఇంత దూరం చాపలు మోసుకొచ్చింది ఇంటికి తిరిగి పట్టుకుపోవడానికా అని అడిగారు. చచ్చినవాడు లేచి కూర్చున్నాడు కదండీ అని లూపెసినా అంటే, మళ్లీ పడుకోమను అన్నారు. కెరిసియానో మారు మాట్లాడకుండా పడుకున్నాడు. మాట్లాడడానికి ఎలాగూ గొంతు లేదు.

అపేలు మాత్రం కెమెరా సంచిలో పెట్టడం మొదలెట్టాడు. వరసలో మూడోవాడు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"రేపటి పెళ్లి కోసమేనా బాబూ కంగారు? పెళ్లికూతురు నా కూతురే. ఆరింటికి ఆఖరి పడవ ఉంది, ఇద్దరం కలిసే వెళ్దాం. ముందు నా ప్రసంగం కానీ."

సంఘం ఆడవాళ్లు మళ్లీ కీర్తన ఎత్తుకున్నారు. తెచ్చిన చేపల డబ్బాలు వచ్చినవాళ్లే విప్పుకుని, సినీవా ఉడికించిన చేమదుంపలతో తలా కాస్త సర్దుకున్నారు.

సోమవారం లూపెసినా చానల్ ఆఫీసులో, ఆరో భాగం కొంచెం పొడుగైందండీ అని భయపడుతూ చెప్పింది. అక్కడి మేనేజరు అరగంట చూసి, కళ్లు తుడుచుకుని, కత్తిరించొద్దు, వారానికో ముక్క వేద్దాం అన్నాడు. లోతోమౌ ముక్క వచ్చిన శుక్రవారం మాతాఫోవాలో టీవీ లేని వాళ్లు కూడా టీవీ ఉన్న ఇళ్లలో కూర్చున్నారు. మర్నాటి నుంచి, ఆ రోజు రాలేకపోయిన ఊళ్ల వాళ్లు లూపెసినా ఇంటికి వరస కట్టారు. తమ ఊరు సంతాపం తెలపలేదన్న మాట పడతామా అని వాళ్ల బాధ. లారీలు వాళ్లవే, భోజనాలు వాళ్లవే, చాపలూ ఏడుపూ వాళ్లవే. లూపెసినాకు అయ్యే ఖర్చల్లా మావయ్య గొంతుకు ఇచ్చే అల్లం కషాయం.

ఇప్పుడు పదమూడో భాగం నడుస్తోంది. మొన్న కొట్టు దగ్గర సబ్బు కొనుక్కుంటున్న కెరిసియానోను ఎవరో, "మిమ్మల్ని ఎప్పుడు పూడుస్తున్నారు బాబాయ్?" అని అడిగారు.

"ఇంకా మూడు ఊళ్లు మాట్లాడాలి," అని చెప్పి ఆయన చిల్లర తీసుకున్నాడు.