పైకెత్తిన వేలు

ఆ రోజు పదింటికి పరిశోధకుడి ఉపన్యాసం. బాగా చెబితే ఉద్యోగం ఇంకో మూడేళ్లు, లేకపోతే ఇంటికే. విషయం కూడా ఆషామాషీది కాదు: ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించడం జంతువులన్నిటిలో మనిషికే అంతగా ఎందుకబ్బింది? ఎనిమిదింటికే పాలగ్లాసు పక్కన పెట్టుకుని, ఒళ్లో పిల్లితో కిటికీ దగ్గర కూర్చున్నాడు. మొదటి వాక్యం దొరికితే చాలు. ఎదురింటి డాబా మీద తెల్లమబ్బు ఒకటి కదలకుండా నిలబడింది. దాన్ని చూస్తూ చూస్తూ ఆయన కుర్చీనీ, ఉద్యోగాన్నీ కూడా మరిచిపోయాడు.

"ఏమండీ, టైమవుతోంది" అంటూ భార్య వచ్చింది.

అందబోతున్న వాక్యం జారిపోతుందేమోనని ఆయన నోరు విప్పలేదు. ఆగమని వేలు పైకెత్తాడు, అంతే. పిల్లి ఆ వేలిని వాసన చూసి పాలగ్లాసు వైపు తిరిగింది. భార్య మాత్రం వేలు చూపిన వైపే చూసింది. అక్కడ ఎదురింటి నీళ్ల ట్యాంకు ఉంది.

వెంటనే ఫోనందుకుంది. "పిన్నిగారూ, మావారు మీ ట్యాంకు కేసే చూస్తున్నారండీ. నోట మాట లేదు. పాతికేళ్ల కాపురం, ఆయన మనసు నాకు తెలీదా! ఏదో ఉంది."

ఎదురింటి పిన్నిగారు వీధిలోకొచ్చి తలెత్తింది. ఏమీ కనిపించలేదు. దాంతో భయం ఇంకా పెరిగి ప్లంబరుని పిలిచింది. అతనికీ ఏమీ కనిపించలేదు. ఆ మాటంటే పని రాదనుకుంటారని, "ఆఁ, ఉంది. దూరంగా నిలబడండి" అన్నాడు గంభీరంగా. అందరూ దూరం జరిగారు. దూరం జరిగినవాళ్లని చూసి ఇంకొందరు చేరారు. బస్సాగింది. ఉపన్యాసం విని పరిశోధకుడి ఉద్యోగం సంగతి తేల్చడానికి బయల్దేరిన డైరెక్టరమ్మ అందులోంచి దిగి తనూ తలెత్తింది.

పదిన్నరకి వాక్యం దొరికింది. గడియారం చూసి పరిశోధకుడు కిందికి పరుగెత్తాడు. చూస్తే వీధి వీధంతా తలలెత్తి, నిశ్శబ్దంగా, కలలో ఉన్నట్టుంది. ఆయనా తలెత్తాడు.

"ఏమైంది? ఏం చూస్తున్నారు?"

"భలేవారే! చూపించింది మీరేగా" అంది భార్య.

"ఏం చూపించారు?" అడిగింది డైరెక్టరమ్మ.

ఉద్యోగం పోయిందని తెలిసిపోయింది. ఇంక అబద్ధమెందుకు? "ఏమీ లేదండీ. నేను చూసింది మబ్బుని" అన్నాడు నీరసంగా.

ఎవరూ కోప్పడలేదు. అందరూ ట్యాంకు వదిలేసి మబ్బు వైపు చూశారు. "ఎంత బావుందో!" అంది పిన్నిగారు.

డైరెక్టరమ్మ కూడా కాసేపు చూసి, "ఉపన్యాసం అయిపోయినట్టే లెండి. మైకులో ఇంత బాగా చెప్పగలిగేవారు కాదు. మూడేళ్లూ మీవే" అంది.

ఆనందంతో మేడెక్కి గొంతు తడుపుకుందామని చూస్తే, పొద్దుట్నుంచీ ఆకాశం కేసి తలెత్తని పిల్లి పాలగ్లాసు ఖాళీ చేసి నిద్రపోతోంది.