బగ్గీకి నిమ్మకాయలు

ఆ ఉదయం ఈదయ్య అనుకున్నది చాలా చిన్న పని. తొమ్మిదింటికి తను కొత్తగా తయారుచేసిన మోటారు బగ్గీకి పూజ, ఆపైన నిమ్మకాయలు తొక్కించడం, పదింటికల్లా పొలాల్లో తిరగడానికి బండ్లు కావాలన్న హాలియా కృష్ణమూర్తి గారి చేత ఆర్డరు ఖాయం చేయించుకోవడం. ఆయన మెచ్చకపోతే మునగాల హైవే పక్కనున్న తన మెకానిక్ షెడ్డుకు ఈ నెలతోనే తాళం.

వెనకటికి ఎక్కడో సముద్రపు ఇసుకలో తిరగడానికి పాత కార్ల పైభాగమంతా పీకేసి, గొట్టాలు బిగించి ఇలాంటి తేలిక బండ్లు చేసుకున్నారట. వాటికి ఇంజను వెనకే ఉండేదని ఫోనులో చూసిన ఈదయ్య, పాత కారు ముందున్న ఇంజనును ఊడబీకి, అటుదిటు తిప్పి వెనక బిగించాడు.

"నాయినా, ఇంజను తిప్పి పెడితే చక్రాలు గూడ ఉల్టా తిరుగుతయి. ఒక్కసారి నడిపి సూడరాదూ" అంది పాలిటెక్నిక్ చదివే కూతురు నీరజ.

"ఇరవై ఏండ్ల సంది పానా పట్టినోన్ని. నాకే నేర్పుతవా? పూజ కాకముందు బండి నడుపుతరా ఎవలన్న?" అని పదిమందిలో కసిరాడు మహానుభావుడు.

పూజ అయింది. తెల్లచొక్కా కృష్ణమూర్తి గారు పక్క సీట్లో కూర్చున్నారు. నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు. ఈదయ్య ఫస్ట్ గేరు వేశాడు. బగ్గీ నిమ్మకాయలను వదిలేసి వెనక్కి పోయి ప్రసాదం పులిహోర గిన్నెను తొక్కింది. తొందరలో రివర్స్ పడిందనుకుని సెకండ్ వేశాడు. ఇంకా జోరుగా వెనక్కే! అదేదో ఫీటనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆ కంగారులో థర్డ్ కూడా వేశాడు. ఇంకేముంది, గట్టు దాటి నాటేసిన పొలంలో పడ్డారు.

"ఏందయ్యా ఇది?" కృష్ణమూర్తి గారు ముఖం మీది బురద తుడుచుకున్నారు.

"పొలంల మలుపుకు జాగ ఉండది గద సార్... అందుకే ఎనకకు ఉరికేటట్టు చేసిన" నోటికొచ్చింది అనేశాడు ఈదయ్య.

ఆయన తల ఊపారు. "ఉపాయం బాగనే ఉన్నది. గిసొంటియే ఇంకో రెండు చెయ్."

గట్టు మీది నుంచి నీరజ అతని వంకే చూసింది. ఈదయ్య సిగ్గుతో చచ్చిపోయాడు.

"లేదు సార్, అబద్ధమాడిన. ఇంజను తప్పు బిగించిన. నా బిడ్డ ముందే చెప్పింది. ఇనకపోగా అందరి ముందర కసిరిన."

నీరజ బురదలోకి దిగి బండికి చేయి ఆనించింది. "రివర్స్ గేరెయ్ నాయినా."

వేశాడు. ఆమె తోస్తుంటే బగ్గీ బుద్ధిగా ముందుకు కదిలి గట్టెక్కింది.

"రెండు బండ్లు నాకు కావాల్సిందే" అన్నారు కృష్ణమూర్తి గారు. "కాని ఇంజను బిగించేది ఆ పిల్ల. నువ్వు పానాలు అందియ్యి."

తర్వాతి బండి పూజనాడు ఈదయ్య ఎందుకైనా మంచిదని ప్రతి చక్రానికీ ముందొకటి, వెనకొకటి నిమ్మకాయ పెట్టాడు.