క్లిఫర్డ్ చచ్చిన మంగళవారం

ఆ మంగళవారం పొద్దున క్లిఫర్డ్ పెట్టుకున్న పని ఒక్కటే, పెరట్లో నీళ్ళ పంపు బాగుచేయడం. ఇంగ్లండ్‌లో ముప్పై ఏళ్ళు బాయిలర్లు బాగుచేసి, ఆ కంపెనీ ఇచ్చే పింఛనుతో థాయి దేశంలో ఉడోన్ అనే ఊరి పక్క పల్లెలో కాపురం పెట్టిన మనిషికి పంపు ఒక లెక్క కాదు. కాకపోతే ఆ పని ఆయన వానలు మొదలైనప్పటి నుంచీ రోజూ పెట్టుకుంటూనే ఉన్నాడు. స్పానరు పట్టుకుని గడప దాటేలోపు భార్య లమై తెల్లబట్టలతో ఎదురొచ్చింది.

"పంపు రేపు చూద్దువుగాని. ఇవి కట్టుకో, గుడికెళ్ళాలి."

"గుడిలో ఏముంది?"

"నీ చావు."

జాతకం చెప్పే ముసలమ్మ మాట అది. ఈ ఏడు నీ మొగుడికి పెద్ద గండం, తప్పాలంటే బతికుండగానే ఒకసారి చచ్చి పుట్టాలి అంది. ఆ వైపు బౌద్ధ గుళ్ళలో ఇది మామూలే. శవపేటికలో పడమటికి తలపెట్టి పడుకుంటే స్వాములు తెల్లగుడ్డ కప్పి మంత్రాలు చదువుతారు, పాత మనిషి పోయినట్టు. తల తూర్పుకు తిప్పి మళ్ళీ చదువుతారు, కొత్త మనిషి పుట్టినట్టు. తర్వాత లేచి ఇంటికెళ్ళి భోంచేస్తారు.

"నాకే గండమూ లేదు. ఉన్న గండాన్ని ఎప్పుడో పెళ్ళి చేసుకున్నాను."

"చచ్చేవాడికి ఇన్ని మాటలెందుకయ్యా? నడు."

క్లిఫర్డ్ చచ్చాడు. చేతుల్లో పూలతో, మూసిన కళ్ళతో పేటికలో ఎంత ప్రశాంతంగా ఉన్నాడంటే, ఊళ్ళో సెలూన్ నడిపే లమై మేనకోడలు దావ్ ముచ్చటపడి ఫోటో తీసింది. "మా మామయ్య కోసం అందరూ ప్రార్థించండి" అని రాసి ఫేస్‌బుక్‌లో పెట్టింది. ఆయన తల తూర్పుకు తిప్పే వేళకు ఫోను చార్జింగ్ అయిపోయింది. దాంతో లోకానికి క్లిఫర్డ్ చావు తెలిసింది గాని పుట్టుక తెలియలేదు.

ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉన్న ట్రెవర్ ఆ ఫోటో చూసి భోరుమన్నాడు. క్లిఫర్డ్‌తో కలిసి పనిచేసిన ట్రెవర్ చాలా మంచివాడు. మంచివాళ్ళు చేసే హాని ఇంతా అంతా కాదు. పాపం లమై ఆ దేశం నుంచి ఏం ఫోన్లు చేస్తుందిలే అనుకుని, తనే కంపెనీ పింఛను ఆఫీసుకు ఫోన్ చేసి మిత్రుడి మరణవార్త చెప్పేశాడు. ఆ సాయంత్రం ఉడోన్ బార్‌లో ఇంగ్లీషు మిత్రులంతా చేరి క్లిఫర్డ్ ఆత్మశాంతికి తాగారు, క్లిఫర్డ్ ఖాతాలోనే. మధ్యలో ఆయనే తలుపు తోసుకుని రాగానే ఒకాయన గ్లాసు పైకెత్తి, "కాస్త ఆగి రావాల్సింది, ఇంకో రౌండు చెప్పాం" అన్నాడు.

అందరూ నవ్వుకున్నారు. నెలాఖరుకు పింఛను రాకపోయేసరికి నవ్వు ఆగింది. ఇంగ్లండ్ నుంచి నెలనెలా డబ్బు వస్తున్నట్టు బ్యాంకు చూపిస్తేనే క్లిఫర్డ్ వీసా పొడిగిస్తారు. ఆ గడువు దగ్గర్లోనే ఉంది. ఆలోపు ఆగిన డబ్బు పడకపోతే వీసా ఆఫీసరు పెట్టె సర్దుకోమంటాడు. లమైకి భయం డబ్బు గురించి కాదు, ఈ మనిషి విమానం ఎక్కాల్సి వస్తుందని.

క్లిఫర్డ్ పింఛను ఆఫీసుకు ఫోన్ చేశాడు. గిలియన్ అనే ఆవిడ ఎత్తింది.

"క్షమించండి, క్లిఫర్డ్ గారి విషయాలు బయటివాళ్ళతో మాట్లాడకూడదండీ."

"బయటివాణ్ణి కాదమ్మా, క్లిఫర్డ్‌ని నేనే!"

"మీ బాధ నేను అర్థం చేసుకోగలను. కానీ ఆయన పోయారు."

"పోలేదు! మీరు చెప్పారని పోను కూడా! కావాలంటే వీడియోలో చూసుకోండి."

"ఈ రోజుల్లో వీడియోలో ఎవరి మొహమైనా పెట్టొచ్చండీ. ఊళ్ళో పరువున్న మనిషి ఎవరైనా రాసి పంపితే చూస్తాం."

ఆ ఊళ్ళో గుడి పెద్దస్వామిని మించిన పరువు ఎవరికుంది? ఆయన జన్మలో అబద్ధం ఆడలేదు. కొంప ముంచింది అదే. థాయి భాషలో ఆయన రాసింది క్లిఫర్డ్‌కు చదవడం రాదు. దావ్ దాన్ని ఉడోన్‌లో ఒక షాపులో ఇంగ్లీషులోకి మార్పించి, చూడకుండానే పంపేసింది. కొన్నాళ్ళకు గిలియన్ ఫోన్ చేస్తే, అందరూ వినేలా క్లిఫర్డ్ స్పీకరు పెట్టాడు.

"మంగళవారం ఉదయం మా గుడిలో సకల కర్మలతో మరణించాడని స్వామివారే రాశారండీ. అదే పూట మళ్ళీ పుట్టాడని, ఆరోగ్యంగా ఉన్నాడని కూడా రాశారు."

"అదేగా నేను మొత్తుకునేది!"

"ఆ లెక్కన మీకింకా రెండు నెలలు కూడా నిండలేదు. మా పింఛను అరవై నిండాకే వస్తుంది."

గిలియన్ కాస్త మెత్తబడింది. "ఇదంతా తేలడానికి నెలలు పడుతుంది. ఆయన భార్య ఫోన్లోకి వచ్చి, నా భర్త పోయాడు అని ఒక్క మాట చెబితే, విధవరాలికిచ్చే సగం పింఛను ఈ వారమే వేస్తాం."

"చెప్పెయ్ అత్తా, చేతికందినంత తీసుకో" అంది దావ్. "పోయినోళ్ళకి వీసా కూడా అక్కర్లేదు కదా మామయ్యా!"

లమై ఫోను లాక్కుంది. మొగుడి దగ్గర నేర్చిన ఇంగ్లీషు ఆవిడది. అందులో తిట్లకు కొదవ లేదు.

"మీరు క్లిఫర్డ్ గారి విధవరాలాండీ?"

"పెళ్ళాన్ని! సగం డబ్బు కోసం నిండు మొగుణ్ణి చంపుకోమంటావా? నీ మొగుణ్ణి చంపుకుంటావా నువ్వు?"

"కోపం తెచ్చుకోకండి. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పండి, రాసుకుంటాను."

"నాలుగు చాలవమ్మా! బూట్లతో ఇంట్లోకొస్తాడు. బుద్ధుడి పటం వైపు కాళ్ళు చాపి పడుకుంటాడు. గురక పెడితే పక్కింటి కుక్క మొరుగుతుంది. చేత్తో తినాల్సిన జిగురన్నం నలుగురిలో చెంచాతో తిని నా పరువు తీస్తాడు. వానలొచ్చినప్పటి నుంచి పంపు, పంపు అంటాడు, బకెట్లు మోసేది నేను! ముప్పై ఏళ్ళు బాయిలర్లు బాగుచేశాడంట, మీ ఊళ్ళో అవి పేలలేదా?"

"ఒక్కటీ పేలలేదు!" వెనక నుంచి క్లిఫర్డ్ అరిచాడు.

"నువ్వు మాట్లాడకు, చచ్చినోడివి!" అని లమై మళ్ళీ ఫోన్లోకి తిరిగింది. "ఇంత సతాయించే మనిషిని నా ఇంట్లోంచి పంపేస్తారంట. ఎట్లా పంపుతారో చూస్తాను. పేటికలోంచి లేపి తెచ్చుకున్నదాన్ని నేను."

అటువైపు గిలియన్ రాస్తున్న పెన్ను కింద పెట్టింది.

"అమ్మా," అంది, "ఈ కుర్చీలో తల నెరిసింది నాకు. రోజంతా విధవరాళ్ళతోనే మాటలు. పోయినవాడు ఎంత తాగుబోతైనా పెళ్ళాం నోట దేవుడే. ఒక్క తప్పు చెప్పిన ఆవిడ ఇంతవరకు తగల్లేదు. మీ ఆయన నిక్షేపంగా ఉన్నారు. పొరపాటున ఆపేశామని రాసి రేపే డబ్బు వేయిస్తాను. ఆయన బతికున్నారని ఏటా ఇవ్వాల్సిన ఋజువుకు వచ్చే ఏడు కాగితాలేం వద్దు, మీరే ఫోన్ చేసి ఇలాగే ఆయన తప్పులు చెప్పండి."

డబ్బు వచ్చింది, వీసా ఆఫీసరు ముద్ర కొట్టాడు. ఇంటికొస్తూ లమై, "చూశావా, గండం గడిచింది. ఆ రోజు నిన్ను చంపించకపోతే ఏమయ్యేదో!" అంది. చచ్చి పుట్టాక క్లిఫర్డ్‌కు వాదించే గుణం కొంచెం తగ్గింది. సరేనన్నాడు.

మర్నాడు పొద్దున స్పానరు తీసుకుని పంపు దాకా వెళ్ళి, కాసేపు చూసి, వెనక్కి వచ్చేశాడు.

"ఏమైందయ్యా మళ్ళీ?"

"ఇది బాగైపోతే వచ్చే ఏడు ఆవిడకి ఏం చెబుతావే? నా ప్రాణం దీని మీదే ఉంది."

లమై ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత ఖాళీ బకెట్లు రెండూ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

పింఛను నెలనెలా వస్తోంది, నీళ్ళు క్లిఫర్డ్ మోస్తున్నాడు.